పెర్ల్‌లో ఫైల్ లాక్: ఏ లాక్ వాడాలి, దాన్ని ఏ వేరియబుల్‌లో ఉంచాలి?

ఒక ఫైల్‌లో ఒకే ఒక అంకె ఉంటుంది: ఆఖరుగా ఇచ్చిన రసీదు నంబరు. కౌంటర్‌లో బటన్ నొక్కగానే పెర్ల్ భాషలో రాసిన స్క్రిప్ట్ ఆ అంకె చదువుతుంది, ఒకటి కలుపుతుంది, తిరిగి రాస్తుంది, రసీదు అచ్చు వేస్తుంది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరి చేతికీ 4518 నంబరు రసీదే వస్తుంది. అలా జరగకుండా, ఒకరు పని ముగించేదాకా ఇంకొకరిని ఆపడానికే ఫైల్ లాక్.

నేను కొన్నేళ్లు చూసుకున్న ఒక పాత స్క్రిప్ట్‌లో ఈ లాక్ ఉండేది, బాగానే పనిచేసేది. లాక్ తీసుకోవడానికి ఒక సబ్‌రొటీన్, అందులో పాతకాలం పద్ధతిలో పెద్ద అక్షరాలతో రాసిన ఉత్త పేరే ఫైల్ హ్యాండిల్ (తెరిచిన ఫైల్‌ను పట్టుకునే పిడి). కోడ్ శుభ్రం చేద్దామని ఆ పేరు తీసేసి ‘మై’తో ప్రకటించిన, ఆ బ్లాక్‌కే పరిమితమైన వేరియబుల్ పెట్టాను. వేరియబుల్ తప్పులను పట్టే ‘స్ట్రిక్ట్’ ఏమీ అనలేదు. హెచ్చరికలు రాలేదు. నేనొక్కణ్నే పరీక్షించినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. రెండు వారాలకు ఒకే నంబరుతో రెండు రసీదులు బయటపడ్డాయి. లాక్ అడిగే వరుస కోడ్‌లో చెక్కుచెదరకుండా ఉంది. కానీ సబ్‌రొటీన్ ముగిసిన మరుక్షణం ఆ మై వేరియబుల్ పోయింది, దాంతో హ్యాండిల్ మూతపడింది, దాంతో లాక్ ఊడిపోయింది. అసలు పని మొదలయ్యేసరికి తాళమే లేదు.

ఏ లాక్ వాడాలి, వేరియబుల్‌ను ఎలా ప్రకటించాలి అనే రెండు ప్రశ్నలనూ మనం వేర్వేరు పాఠాలుగా నేర్చుకుంటాం. పెర్ల్‌లో అవి ఒకే ప్రశ్న. హ్యాండిల్ ఎంతకాలం బతికితే లాక్ అంతకాలం బతుకుతుంది. హ్యాండిల్ ఎంతకాలం బతకాలో నిర్ణయించేది స్కోప్, అంటే వేరియబుల్ చెల్లుబాటయ్యే పరిధి. కాబట్టి ఇక్కడ రెండింటినీ కలిపే తూచుదాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

లాక్ ఎంతసేపు కావాలి అన్నది మొదటిది. అంకె చదివి రాసే నాలుగు వరుసలకేనా, లేక స్క్రిప్ట్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకానా? రాత్రిపూట క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులు నడిపే ఏర్పాటు) నడిచే పని రెండోసారి మొదలవకుండా ఆపాలంటే రెండోది కావాలి. కౌంటర్ లాంటి పనికి మొదటిది చాలు. అక్కడ లాక్‌ను ఎక్కువసేపు పట్టుకుంటే వెనక వరస పెరిగిపోతుంది.

రెండోది, ప్రాసెస్ మధ్యలో చనిపోతే ఏమవుతుంది. కరెంటు పోవచ్చు, ఎవరో సిగ్నల్ 9 తో చంపేయవచ్చు, స్క్రిప్ట్‌ను తప్పుతో ఆపే ‘డై’ పడవచ్చు. అప్పుడు లాక్ తనంతట తాను విడిపోతుందా, లేక ఉదయం ఎవరో వచ్చి చేత్తో తీయాలా?

మూడోది, ఫైల్ ఎక్కడుంది. ఆ సర్వర్ సొంత డిస్క్ మీద ఉంటే ఒక లెక్క, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా నాలుగు సర్వర్లు పంచుకుంటే మరో లెక్క.

నాలుగోది, ఆ ఫైల్‌ను ఎవరెవరు ముట్టుకుంటారు. దీన్ని చాలామంది అడగనే అడగరు. లినక్స్‌లోనూ యూనిక్స్‌లోనూ మనం మామూలుగా వాడే లాకులన్నీ మర్యాద మీద నడిచేవి. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. తువ్వాలు ఎవరినీ బలవంతంగా ఆపదు, చూసి గౌరవించేవాళ్లు ఉన్నంతవరకే దానికి విలువ. మీ పెర్ల్ స్క్రిప్టులన్నీ లాక్ అడిగి, పక్కన ఒక షెల్ స్క్రిప్ట్ మాత్రం అడక్కుండా అదే ఫైల్‌లోకి రాస్తుంటే మీ లాక్ దాన్ని ఆపలేదు.

ఇక ఐదోది ప్రాసెస్ ఆయుష్షు. రెండు సెకన్లలో ముగిసే స్క్రిప్ట్‌లో లాక్‌ను అవసరానికి మించి నిలిపే స్కోప్ తప్పులు బయటపడవు, ప్రాసెస్ ముగియగానే అన్ని హ్యాండిళ్లూ మూతపడతాయి. నెలల తరబడి వెనక నడిచే డెమన్‌లోకో, వెబ్ సర్వర్ లోపలే పెర్ల్‌ను నడిపే మాడ్_పెర్ల్ లాంటి చోటికో అదే కోడ్ తీసుకెళ్తే గ్లోబల్ హ్యాండిల్‌లో మిగిలిపోయిన లాక్ మిగతా ప్రాసెస్‌లన్నింటినీ నిలబెట్టేస్తుంది.

## లాకుల్లో ఏది

ఫ్లాక్. పదిలో తొమ్మిది సందర్భాలకు ఇదే నా ఎంపిక. ఈ ఫంక్షన్ పెర్ల్‌లోనే ఉంది, విడిగా ఏమీ స్థాపించుకోనక్కర్లేదు. ‘ఎఫ్‌సీఎన్‌టీఎల్’ మాడ్యూల్ నుంచి స్థిరాంకాలు తెచ్చుకుంటే చాలు: చదివేవాళ్లు పంచుకునే లాక్‌కు లాక్_ఎస్‌హెచ్, ఒక్కరికే చెందే లాక్‌కు లాక్_ఈఎక్స్, ఆగకుండా వెంటనే జవాబు కావాలంటే దానికి లాక్_ఎన్‌బీ జోడించడం. దీనిలోని గొప్ప గుణం, ప్రాసెస్ ఎలా చచ్చినా ఆపరేటింగ్ సిస్టం కర్నెల్ లాక్ తీసేస్తుంది. ఉదయాన్నే ఎవరూ పాత లాక్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

తప్పులు జరిగేది లాక్ దగ్గర కాదు, దాని ముందూ వెనకా. ఫైల్‌ను ‘>’ తో తెరిచి తర్వాత లాక్ అడగడం వాటిలో అన్నిటికన్నా పెద్దది. తెరిచిన క్షణంలోనే ఫైల్ ఖాళీ అయిపోతుంది, లాక్ కోసం వేచి ఉండేలోగా అవతలివాడు సున్నా చదువుకుంటాడు. ఫైల్ ముందే ఉంటే ‘+<’ తో తెరవండి. ఉందో లేదో తెలియకపోతే సిస్‌ఓపెన్‌కు ఓ_ఆర్‌డీడబ్ల్యూఆర్ (చదవడానికీ రాయడానికీ), ఓ_క్రియాట్ (లేకపోతే సృష్టించు) రెండూ ఇచ్చి తెరవండి. లాక్ చేతికి వచ్చాకే చదవండి, తర్వాత సీక్‌తో మొదటికి వెళ్లి, ట్రంకేట్ చేసి (పాతది కత్తిరించి), రాసి, మూసేయండి. పంచుకునే లాక్‌తో చదివి, దాన్నే ఒంటరి లాక్‌గా మార్చుకుందామనే ఆలోచన కూడా వద్దు. మార్పు జరిగేటప్పుడు పాత లాక్ ముందు పోయి కొత్తది తర్వాత రావచ్చు, ఆ సందులో ఇంకొకరు దూరవచ్చు. రాసే ఉద్దేశం ఉంటే మొదటి నుంచీ లాక్_ఈఎక్స్ తీసుకోండి.

కొత్త ఫైల్ రాసి ‘రీనేమ్’తో పాతదాని స్థానంలో పెట్టే అలవాటు మీకు ఉంటే డేటా ఫైల్‌నే లాక్ చేయకండి. లాక్ అతుక్కునేది పేరుకు కాదు, ఆ పేరు వెనకున్న ఐనోడ్‌కు, అంటే డిస్క్ మీద అసలు ఫైల్‌ను సూచించే నమోదుకు. రీనేమ్ అయ్యాక మీరు పట్టుకున్నది పాత ఫైల్ లాక్, కొత్తగా వచ్చినవాడు పట్టుకునేది కొత్త ఫైల్ లాక్, ఇద్దరికీ దొరుకుతుంది. పక్కన ఖాళీ ఫైల్ ఒకటి పెట్టి దాన్నే ఎప్పుడూ లాక్ చేయండి, దాన్ని ఎన్నడూ చెరిపేయకండి.

లాక్ ఫైల్ ఉండటమే లాక్ అనే పద్ధతి. సిస్‌ఓపెన్‌కు ఓ_క్రియాట్‌తో పాటు ఓ_ఎక్స్‌సీఎల్ ఇస్తే, ఫైల్ అప్పటికే ఉంటే తెరవడం విఫలమవుతుంది. ఆ వైఫల్యమే ‘వేరొకరు ఉన్నారు’ అనే జవాబు. ‘ఎంకేడిర్’తో డైరెక్టరీ సృష్టించడమూ ఇలాగే పనిచేస్తుంది. షెల్ స్క్రిప్టులతో కలిసి పనిచేయాలంటే ఇది సులువు, కళ్లకూ కనిపిస్తుంది. దీనిలో వేరియబుల్ స్కోప్ గొడవ లేదు, హ్యాండిల్ పోయినా ఫైల్ అక్కడే ఉంటుంది.

ఆ మంచే చెడు కూడా. తువ్వాలు వేసినవాడు బస్సు దిగిపోయినా తువ్వాలు సీటు మీదే ఉండిపోతుంది. స్క్రిప్ట్ చివర నడిచే ఎండ్ బ్లాక్‌లో చెరిపేస్తాం కదా అంటారు. పట్టుకోని సిగ్నల్‌తో ప్రాసెస్ చచ్చిపోతే ఎండ్ బ్లాక్ నడవదు. లోపల ప్రాసెస్ నంబరు రాసి, ‘కిల్’కు సున్నా ఇచ్చి అది బతికుందో లేదో అడగవచ్చు. అయితే కర్నెల్ ప్రాసెస్ నంబర్లను తిరిగి వాడుకుంటుంది, ఆ నంబరుతో ఇప్పుడు ఇంకేదో నడుస్తుండవచ్చు. ఒకే సర్వర్ మీద పని అయితే ఈ పద్ధతి ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు.

ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాకులు. పై మాడ్యూల్ పేరే ఉన్న సిస్టం పిలుపుతో తీసుకునేవి, యూనిక్స్ తరహా సిస్టంల ఉమ్మడి పోసిక్స్ ప్రమాణంలో ఉన్నవి. ఫైల్‌లో కొంత భాగాన్నే లాక్ చేయగలగడం వీటి బలం. పెర్ల్ నుంచి నేరుగా పిలవాలంటే సీ స్ట్రక్చర్‌ను ‘ప్యాక్’తో కట్టాలి, అది ఒక్కో సిస్టంలో ఒక్కో రూపంలో ఉంటుంది. పెర్ల్ మాడ్యూళ్ల భాండాగారం సీపాన్‌లోని ఫైల్::ఎఫ్‌సీఎన్‌టీఎల్‌లాక్ మాడ్యూల్ ఆ బాధ తప్పిస్తుంది.

స్కోప్ దృష్టితో చూస్తే ఇవి ప్రమాదకరమైనవి, ఈ సంగతి తెలియక రోజులకు రోజులు వెతికేవాళ్లున్నారు. ఈ లాక్ హ్యాండిల్‌కు కాదు, ప్రాసెస్‌కు చెందుతుంది. అదే ప్రాసెస్‌లో అదే ఫైల్‌ను ఇంకెవరు తెరిచి మూసినా మీ లాక్ కూడా పోతుంది. ఎక్కడో ఒక మాడ్యూల్‌లో, ఎవరో మై వేరియబుల్‌తో ఆ ఫైల్ తెరిచి, రెండు వరుసలు చదివి, బ్లాక్ ముగించారనుకోండి. మీ హ్యాండిల్ తెరిచే ఉంది, లాక్ మాత్రం లేదు. ఫైల్‌లో భాగాలను లాక్ చేయాల్సిన అవసరం నిజంగా ఉంటే తప్ప వీటి జోలికి వెళ్లకండి.

డేటాబేస్‌కు వదిలేయడం. రికార్డులు పదుల సంఖ్య దాటి, చదివేవాళ్లూ రాసేవాళ్లూ కలగలిసిపోతే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను పెర్ల్‌కు అందించే డీబీడీ::ఎస్‌క్యూలైట్‌కు మారండి. విడిగా సర్వర్ అక్కర్లేదు, డేటా ఒకే ఫైల్‌లో ఉంటుంది. ట్రాన్సాక్షన్ మధ్యలో స్క్రిప్ట్ చచ్చిపోయినా సగం రాసిన డేటా మిగలదు, ఈ హామీ ఫ్లాక్ ఇవ్వలేదు. అయితే ఎస్‌క్యూలైట్ కూడా కింద ఫైల్ లాకుల మీదే నిలబడింది. ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టి కష్టాలన్నీ తీరాయనుకోకండి, దాని వాల్ (మార్పులను ముందు వేరే లాగ్‌లో రాసే) విధానమైతే నెట్‌వర్క్ ఫైల్‌సిస్టం మీద పనిచేయదు. ఒక్క అంకె ఉన్న ఫైల్ కోసం మాత్రం ఇంత దూరం వెళ్లనక్కర్లేదు.

## హ్యాండిల్‌ను ఎక్కడ ఉంచాలి

ఇక అసలు చోటుకు వచ్చాం. కింది పట్టిక ఫ్లాక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది.

| ప్రకటన | ఎప్పటి నుంచి ఉంది | లాక్ ఎప్పుడు విడిపోతుంది | ‘డై’ పడి బయటి ‘ఇవాల్’ (తప్పులను పట్టే బ్లాక్) పట్టుకుంటే | సరిపోయే చోటు |
|---|---|---|---|---|
| బ్లాక్ లోపల మై | పెర్ల్ 5, 1994 (ఫైల్ హ్యాండిల్‌గా 5.6 నుంచి) | బ్లాక్ ముగియగానే, ఇంకెవరూ ఆ హ్యాండిల్‌ను పట్టుకోకపోతే | విడిపోతుంది | చదివి రాసే చిన్న పనులు |
| ఫైల్ మొదట్లో మై | అదే | స్క్రిప్ట్ ముగిసినప్పుడు | నిలిచే ఉంటుంది | ఒక్కసారే నడవాల్సిన క్రాన్ పని |
| ఉత్త పేరు | మొదటి నుంచీ | మూసినప్పుడు, లేదా అదే పేరుతో ఇంకొకటి తెరిచినప్పుడు | నిలిచే ఉంటుంది | కొత్త కోడ్‌లో ఎక్కడా వద్దు |
| లోకల్‌తో ఉత్త పేరు | పెర్ల్ 5 కంటే ముందే | ఆ బ్లాక్ ముగిసినప్పుడు | విడిపోతుంది | పాత కోడ్‌కు మరమ్మతు |
| అవర్ (ప్యాకేజీకి చెందిన గ్లోబల్) | 5.6, 2000 | మూసినప్పుడు లేదా స్క్రిప్ట్ ముగిసినప్పుడు | నిలిచే ఉంటుంది | వేరే మాడ్యూల్‌కు కనిపించాల్సినప్పుడు |
| స్టేట్ (పిలుపు పిలుపుకూ విలువ నిలిచేది) | 5.10, 2007 | మూసినప్పుడు లేదా స్క్రిప్ట్ ముగిసినప్పుడు | నిలిచే ఉంటుంది | ఒక్క సబ్‌రొటీన్ సొంతంగా దాచుకునే లాక్ |

బ్లాక్ లోపలి మై దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే బలమూ ఉచ్చూ రెండూ అక్కడే ఉన్నాయి. పెర్ల్ ఒక విలువను ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టుకుంటుంది, లెక్క సున్నా కాగానే ఆ క్షణమే విడిచిపెడుతుంది. తర్వాత ఎప్పుడో తీరిక దొరికినప్పుడు కాదు. కాబట్టి స్కోప్‌ను నమ్మి లాక్ విడుదలను రాయవచ్చు, చాలా భాషల్లో ఆ ధైర్యం చేయలేం. మధ్యలో డై పడినా, ముందుగానే ‘రిటర్న్’ అయినా లాక్ విడిపోతుంది. మరచిపోవడానికి వీలే లేదు.

లాక్ తీసుకునే సబ్‌రొటీన్‌ను విడిగా రాసినప్పుడు మాత్రం అదే గుణం ఎదురు తిరుగుతుంది. నాకు జరిగింది అదే. సబ్‌రొటీన్ ‘లాక్ దొరికింది’ అని 1 తిరిగిస్తే, ఆ 1 చేతికి వచ్చేలోగా లాక్ పోయి ఉంటుంది. హ్యాండిల్‌నే తిరిగివ్వాలి, పిలిచినవాళ్లు దాన్ని తమ మై వేరియబుల్‌లో పెట్టుకోవాలి. పెట్టుకోకుండా ఊరికే పిలిచి వదిలేస్తే, ఆ వరుస చివరి సెమికోలన్ దగ్గరే లాక్ ముగిసిపోతుంది.

ఇంకో చిన్న లోటుంది. స్కోప్ ముగిసి దానంతట అది మూతపడిన హ్యాండిల్‌లో రాత విఫలమైతే మీ కోడ్‌కు తెలియదు, కొత్త పెర్ల్‌లో మహా అయితే ఒక హెచ్చరిక వస్తుంది. డిస్క్ నిండిపోయిందనుకోండి, బఫర్‌లో ఉన్నది పోయింది, స్క్రిప్ట్ మాత్రం సంతోషంగా ముందుకు వెళ్తుంది. అందుకే రాసిన ఫైల్‌ను మీరే క్లోజ్ చేసి, అది తప్పు ఇస్తే డై అనండి. స్కోప్‌ను విపత్తులో ఆదుకునే వలగా ఉంచుకోండి. లాక్_యూఎన్‌తో విడిగా విడిపించాల్సిన పని లేదు, క్లోజ్ చాలు.

ఉత్త పేర్లు వద్దనడానికి కారణం అందచందాలు కాదు. ఆ పేరు ప్యాకేజీ అంతటికీ ఒకటే. మీరు లాక్ పట్టుకుని ఒక సబ్‌రొటీన్‌ను పిలిచారు, దానిలో అదే పేరుతో వేరే ఫైల్ తెరిచారు. తెరవడానికి ముందు పెర్ల్ పాతదాన్ని నిశ్శబ్దంగా మూసేస్తుంది, లాక్ పోతుంది. స్ట్రిక్ట్ పెట్టినా ఈ పేర్లను పట్టుకోదు.

లోకల్‌ను మైకు తమ్ముడిలా చూడకండి, రెండూ వేరు. మై ఆ బ్లాక్‌లో రాసిన కోడ్‌కే కనిపించే కొత్త వేరియబుల్‌ను ఇస్తుంది. లోకల్ పాత గ్లోబల్ విలువను పక్కన పెట్టి, బ్లాక్ ముగిశాక తిరిగి తెస్తుంది, ఈలోగా పిలిచిన సబ్‌రొటీన్లన్నింటికీ కొత్త విలువే కనిపిస్తుంది. లాక్ పనిలో దీనికి ఒక మంచి చోటుంది: గడువు. అలారం సిగ్నల్‌కు లోకల్‌తో ఒక హ్యాండ్లర్ పెట్టి, పది సెకన్ల అలారం వేసి, ఇవాల్ లోపల ఫ్లాక్ అడగండి. లాక్ రాకపోతే హ్యాండ్లర్ డై అంటుంది, బయటికి వచ్చేటప్పటికి పాత హ్యాండ్లర్ దాని స్థానంలో ఉంటుంది. ఇవాల్ దాటాక కూడా అవసరమైన హ్యాండిల్‌ను మాత్రం ఇవాల్‌కు బయటే ప్రకటించండి.

స్టేట్ రాకముందు కొందరు ‘మై’ ప్రకటనకు ఎప్పుడూ నిజం కాని షరతు తగిలించి విలువను పిలుపు పిలుపుకూ నిలబెట్టుకునేవారు. పాత స్క్రిప్టుల్లో అది కనిపిస్తే స్టేట్‌గా మార్చేయండి, పెర్ల్ 5.30 నుంచి అది నేరుగా తప్పు కింద ఆగిపోతుంది.

## మీ పరిస్థితికి ఏది

క్రాన్ పని ఒకేసారి ఒకటే నడవాలంటే: ఫైల్ మొదట్లో మై, లాక్_ఈఎక్స్‌తో పాటు లాక్_ఎన్‌బీ, దొరక్కపోతే మర్యాదగా బయటికి. ఇంకేమీ రాయనక్కర్లేదు, స్క్రిప్ట్ ఎలా ముగిసినా లాక్ పోతుంది. పైన లాక్ కోసం పెట్టిన ఖాళీ ఫైల్ ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

కౌంటర్ లాంటి పనికి: తెరవడం నుంచి మూయడం దాకా అంతా ఒకే సబ్‌రొటీన్‌లో పెట్టండి, హ్యాండిల్ దానిలోని మై. లాక్ తీసుకోవడాన్ని వేరే సబ్‌రొటీన్‌కు పంపాలనే కోరికను ఆపుకోండి. ఐదారు వరుసలు ఒకేచోట కనిపిస్తే చదివేవారికి లాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది.

పాత స్క్రిప్ట్ మీ చేతికి వచ్చిందా? ఉత్త పేరును మైగా మార్చే ముందు, ఆ హ్యాండిల్‌ను సబ్‌రొటీన్ బయట ఎవరు నమ్ముకున్నారో వెతకండి. తెలియకపోతే ముందు హ్యాండిల్‌ను తిరిగిచ్చేలా మార్చి, తర్వాత మై పెట్టండి. ఈ క్రమం తిరగబడితే నా రసీదుల కథే.

మాడ్యూల్ రాసేవాళ్లకు ఒక ఎంపిక ముందుంది. ఫ్లాక్‌లో ఒకే ప్రాసెస్ అదే ఫైల్‌ను రెండుసార్లు విడివిడిగా తెరిచి లాక్ అడిగితే, రెండోది మొదటిదాని కోసం ఎప్పటికీ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. లాక్ పట్టుకున్న మీ సబ్‌రొటీన్ ఇంకొకదాన్ని పిలిచి, అదీ లాక్ అడిగితే స్క్రిప్ట్ కదలదు. హ్యాండిల్‌ను ఆర్గ్యుమెంట్‌గా పంపండి. లేదా లాక్‌ను ఒక ఆబ్జెక్ట్‌లో పెట్టి అందరికీ ఆ ఆబ్జెక్ట్‌నే ఇవ్వండి. రెండో మార్గంలో ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకునే చుట్టు పడకుండా చూసుకోవాలి. చుట్టు పడితే లెక్క సున్నా కాదు, లాక్ విడిపోదు. స్కేలర్::యుటిల్‌లోని ‘వీకెన్’ (పట్టును లెక్కలోకి రాకుండా చేసేది) ఉన్నది అందుకే.

డెమన్లు నడిపేవాళ్లు, ప్రాసెస్ తన నకలును పుట్టించే ‘ఫోర్క్’ను గుర్తుపెట్టుకోవాలి. ఫోర్క్ అయినప్పుడు పిల్ల ప్రాసెస్‌కు హ్యాండిల్ కూడా వెళ్తుంది, లాక్ ఇద్దరిదీ అవుతుంది. తల్లి ప్రాసెస్‌లో స్కోప్ ముగిసి హ్యాండిల్ మూతపడినా, పిల్ల దాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ లాక్ పోదు. పిల్లలో లాక్_యూఎన్ పిలిస్తే తల్లి లాక్ కూడా ఊడుతుంది. పిల్ల ప్రాసెస్ మొదటి పనిగా తనకు అక్కర్లేని హ్యాండిల్‌ను క్లోజ్ చేయాలి, అంతే. ‘సిస్టమ్’తో బయటి ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు ఈ చిక్కు రాదు, పెర్ల్ మామూలుగా అలాంటి హ్యాండిళ్లను కొత్త ప్రోగ్రామ్ మొదలైనప్పుడు మూసేస్తుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పని అయితే ముందు సర్వర్ల వయసు చూడండి. లినక్స్ 2.6.12 నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఫ్లాక్ అడిగితే కర్నెల్ దాన్ని ఎఫ్‌సీఎన్‌టీఎల్ తరహా లాక్‌గా మార్చి సర్వర్‌కు పంపుతుంది. ఆ మార్పుతో కొత్త నిబంధన కూడా వస్తుంది, లాక్_ఈఎక్స్ కావాలంటే ఫైల్‌ను రాయడానికి తెరిచి ఉండాలి. సొంత డిస్క్ మీద చదవడానికి మాత్రమే తెరిచి లాక్ తీసుకున్న స్క్రిప్ట్ ఇక్కడ విఫలమవుతుంది. ఓ_ఎక్స్‌సీఎల్ పద్ధతికి ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ లేదా ఆపైది కావాలి. రాసే పని మొత్తాన్నీ ఒకే సర్వర్‌కు అప్పగించగలిగితే అదే అన్నిటికన్నా మంచిది.

ఏది ఎంచుకున్నా, నమ్మే ముందు రెండు టెర్మినళ్లు తెరవండి. లాక్ దొరికిందని అనుకున్న చోట కాదు, ఆ తర్వాత అసలు పని చేసే వరుసకు ముందు తెర మీద ఒక వరుస అచ్చు వేయించి 20 సెకన్ల ‘స్లీప్’ పెట్టండి. మొదటి టెర్మినల్‌లో నడపండి, వెంటనే రెండో దానిలో నడపండి. రెండోది ఆ వరుస అచ్చు వేయకుండా ఆగిందా? అయితే మొదటిదాన్ని సిగ్నల్ 9 తో చంపి, రెండోది ఆ క్షణమే ముందుకు వెళ్లిందేమో చూడండి. రెండోది అసలు ఆగనే లేదంటే, ఫ్లాక్ పిలుపు దగ్గర వెతక్కండి. హ్యాండిల్ ప్రకటించిన వరుస దగ్గరికి వెళ్లి, దాన్ని చుట్టి ఉన్న బ్లాక్ ఎక్కడ ముగుస్తుందో చూడండి.